గ్రోవర్ లైసెన్సు

అక్టోబరు 16, గురువారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు, దేయ్సి తికోనా కొన్న లాప్‌టాప్‌ను వెనక్కి ఇమ్మని ఒక తల్లి అడిగింది. బొలీవియాలోని ఎల్ ఆల్తోలో, గురువారం, ఆదివారం జరిగే సంతలో, పాత కంప్యూటర్ల వరసలో, దోన్ సెవెరో దుకాణంలో ఇది జరిగింది. ఆమె పేరు ప్రిమితీవా; మగవాళ్లను దోన్ అన్నట్టే ఆమెను గౌరవంగా దోన్యా అంటారు. లాప్‌టాప్ ఆమె కొడుకు గ్రోవర్ కిస్బెర్త్‌ది. గ్రోవర్ చనిపోయి రెండేళ్ల ఐదు నెలలు.

దేయ్సికి పందొమ్మిదేళ్లు. ఆగస్టులో ఆర్కిటెక్చర్‌లో చేరింది. డిపార్ట్‌మెంటులో కంప్యూటర్లు పద్నాలుగు, విద్యార్థులు డెబ్బై మంది. సొంత మెషిన్ లేకపోతే ప్లానులు పూర్తికావని మొదటి నెలలోనే తెలిసింది. తల్లి ఉదయం పూట కూడలిలో ‘ఆపి’ అనే వేడి మొక్కజొన్న పానీయం కాచి అమ్ముతుంది. ఇద్దరూ కలిసి పోగు చేసిన డబ్బుతో దేయ్సి మొదట కిందకి, లోయలోని లా పాస్ నగరానికి వెళ్లి కొత్తవి చూసింది. ఆ ధరకు వచ్చేవాటిలో మెమరీ నాలుగు జీబీ. దుకాణంలోనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తెరిపించి చూసింది. తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. గోడ గీయబోతే ఆగిపోయింది.

కిందటి ఆదివారం సెవెరో దగ్గర పాతదొకటి దొరికింది. మెమరీ పదహారు జీబీ, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ లోపలే ఉంది, లైసెన్సు నడుస్తోంది. డిస్కు తుడిచి ఇవ్వనా అని సెవెరో అడిగాడు. వద్దంది దేయ్సి. తుడిస్తే సాఫ్ట్‌వేర్ పోతుంది. సంతలో దొంగ కాపీ సీడీలు బంగాళాదుంపల కన్నా చవక. కానీ ఏ కాపీతో గీశారో ఫైలే చెబుతుంది, పాఠం చెప్పే ఆర్కిటెక్ట్ ఒబ్లితాస్ మొదట చూసేది అదే. నిరుడు ఇద్దరు అలాగే సెమిస్టరు పోగొట్టుకున్నారు. విద్యార్థులకిచ్చే ఉచిత లైసెన్సుకు యూనివర్సిటీ కార్డు కావాలి. ఏడాది మధ్యలో చేరినవాళ్లకు కార్డు ఫిబ్రవరిలో ఇస్తారు. ప్లాను ఇవ్వాల్సింది ఈ వచ్చే సోమవారం ఉదయం ఎనిమిదింటికి.

కొన్న మర్నాడు సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెర మీద “గ్రోవర్, తిరిగి స్వాగతం” అని వచ్చింది. ఆ వెంటనే, ఎవరూ అడగకుండానే, ఒక ఇంటి ప్లాను తెరుచుకుంది. దేయ్సి దాన్ని మూసి తన ప్లాను మొదలుపెట్టింది. మంగళవారం తెరిచినప్పుడు మళ్లీ అదే స్వాగతం, అదే ఇల్లు. బుధవారం కూడా. బుధవారం సాయంత్రం తన ప్లానును కాగితం మీద తీయించుకుంటే కింద అంచున ఒక వరస కనిపించింది. గీసినవారు: గ్రోవర్ కిస్బెర్త్.

పేరు మార్పించుకుందామని ఆమె గురువారం సంతకు వచ్చింది. అక్కడ సెవెరోతో పాటు దోన్యా ప్రిమితీవా ఉంది. ఉదయం పదకొండు నుంచి ఆమె స్టూలు మీద కూర్చునే ఉందని సెవెరో తర్వాత చెప్పాడు. టోపీ ఒళ్లో పెట్టుకుంది. శాలువా కిందనుంచి రెండు చేతులూ బయటికి తీయలేదు.

“కొన్నది నువ్వేనా?” అంది.

“నేనే, దోన్యా.”

“పేరేంటి?”

“దేయ్సి.”

“దేయ్సీ, అది నాకు ఇచ్చెయ్యమ్మా. నీ డబ్బు నీకు వస్తుంది. ఇతను ఇస్తాడు.”

సెవెరో స్క్రూ డ్రైవరు బల్ల మీద పెట్టాడు. “నేనెప్పుడన్నాను ఆ మాట? మూడు గంటలుగా మీరొక్కరే అంటున్నారు. నేను ఊఁ కొట్టాను, అంతే.”

“ఊఁ కొడితే ఒప్పుకున్నట్టే. ఆగస్టులో నా దగ్గర తుక్కు ధరకి తీసుకున్నావు. ఈ పిల్లకి ఎంతకి అంటగట్టావో నన్ను చెప్పమంటావా?”

“తుక్కుగానే తెచ్చారు కదా, దోన్యా. కీబోర్డు మార్చాను. బ్యాటరీ మార్చాను. బోర్డు మీద మూడు ముక్కలు మార్చాను. అవి నాకేమీ గాలికి కొట్టుకు రాలేదు.” అతను దేయ్సి వైపు తిరిగాడు. “నీకు చెప్పాను కదమ్మాయ్, కీల కింద తెల్ల పొడి ఉందని. బ్యాటరీ కారి ఉప్పు కట్టిందనుకున్నాను. కాదు. సబ్బు పొడి.”

“సబ్బు పొడి ఎలా వచ్చింది?” అని దేయ్సి అడిగింది.

ప్రిమితీవా ఒళ్లోని టోపీ వైపు చూసింది.

“ఉతికాను” అంది.

గ్రోవర్ ఎక్కిన మినీబస్సు యుంగాస్ కొండదారిలో లోయలో పడింది మే 11న. గ్రోవర్‌కు అప్పుడు ఇరవై రెండేళ్లు. సర్వే శిక్షణకు వెళ్తున్నాడు. ఎనిమిదో రోజు బంధువులు అతని వస్తువులన్నీ మూటగట్టి ఏటికి తీసుకెళ్లారు. పోయినవాడి బట్టలు ఎనిమిదో రోజు పారే నీళ్లలో ఉతకాలి, ఉతికి కొన్నిటిని కాల్చాలి. అప్పుడే అవి అతనితో వెళ్తాయి. మూటలో సంచీ ఉంది, సంచీలో లాప్‌టాప్ ఉంది.

“వాడు రోజంతా చేతులు పెట్టింది దాని మీదే కదా” అంది ప్రిమితీవా. “చొక్కా ఉతికి దీన్ని ఉతక్కపోతే ఎలా అని మా అక్క అడిగింది. నాకూ నిజమే అనిపించింది. నీళ్లలో ముంచలేదు. సబ్బు గుడ్డతో తుడిచాను, రెండు సార్లు తుడిచాను, తర్వాత కడిగాను. ఎండబెట్టాం. మర్నాడు మా చిన్నది నొక్కి చూస్తే వెలగలేదు. సరే, ఇదీ పోయింది, వాడితోనే పోయింది అనుకున్నాను.”

“కాల్చలేదా?”

“మంటలో వేద్దామంటే మా ఆయన ఆపాడు. లోపలి బ్యాటరీ పేలుతుందన్నాడు. అటక మీద పెట్టాం. రెండేళ్లు ఉంది. పోయింది కదా, పోయినదాన్ని అమ్మితే ఏమవుతుందని ఆగస్టులో ఇతనికి తెచ్చిచ్చాను.” సెవెరో వైపు చెయ్యి చూపింది. “ఇతను బతికించాడు.”

“అది నా పని” అన్నాడు సెవెరో.

“నిన్ను అనడం లేదు.”

నవంబరు ఒకటిన, పోయినవాళ్లు ఇంటికొచ్చే పండుగకు, ప్రిమితీవా ఇంట్లో గ్రోవర్‌కు బల్ల మీద భోజనం పరుస్తారు. ఇది మూడోది, చివరిది. దానికి ముఖాలు పొదిగిన రొట్టెలు చేయమని చెప్పేసింది. ఒకటో తారీకు మధ్యాహ్నం వస్తాడు, రెండో తారీకు మధ్యాహ్నం వెళ్తాడు. మూడో ఏడాది తర్వాత ఇక పిలవరు. ప్రార్థన చెప్పే మనిషి దగ్గరికి మొన్న సోమవారం వెళ్తే, వాడివి అన్నీ పంపించేశారా అని ఆయన అడిగాడు. ఇంటికి వచ్చి ఒక్కొక్కటీ లెక్క చూసుకుంటే ఇది తేలింది.

దేయ్సి వీపు మీది గుడ్డ మూట విప్పి లాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. ప్రిమితీవా దాన్ని ముట్టుకోలేదు.

“అది వెలుగుతుందా?” అంది.

“వెలుగుతుంది.”

“చూపించు.”

“చూడకండి, దోన్యా” అన్నాడు సెవెరో. “నా మాట వినండి. ముందు నేను పేరు తీసేస్తాను, తర్వాత చూద్దురుగాని.”

“మూడు గంటలు స్టూలు మీద కూర్చోబెట్టింది ఇందుకా? చూపించమ్మా.”

దేయ్సి తెర ఎత్తి సాఫ్ట్‌వేర్ తెరిచింది. నలభై సెకన్లు పట్టింది. గ్రోవర్, తిరిగి స్వాగతం. ప్రిమితీవా రెండో తరగతి వరకు చదివింది. పెదాలు కదుపుతూ చదివింది. మొదటి మాట దగ్గర ఆగి మళ్లీ చదివింది.

తర్వాత ఇల్లు వచ్చింది.

రెండంతస్తుల ఇల్లు. కింద మూడు గదులు, పైన రెండు. వంటగది వీధి వైపు ఉంది, వంటగది గోడకు వీధిలోకి తెరుచుకునే కిటికీ ఉంది. ఇళ్ల ప్లానుల్లో వంటగదిని వెనక పెడతారు. మూడు రోజులుగా ఈ ప్లాను చూసిన ప్రతిసారీ ఇక్కడ పొరపాటు పడ్డాడనుకున్నానని దేయ్సి చెప్పింది.

“పొరపాటు కాదు” అంది ప్రిమితీవా. “నేనే అడిగాను. కిటికీలోంచి భోజనాలు అమ్ముకుంటాను, వీధి వైపు పెట్టు నాయనా అన్నాను. వీధి దుమ్మంతా చట్టిలో పడుద్ది అమ్మా అన్నాడు. పెట్టనన్నాడు.” ఆమె వేలు తెరకు దగ్గరగా వెళ్లి ఆగింది. “పెట్టాడు.”

ఆమె ప్లానును గది తర్వాత గదిగా చూసింది. తలుపులు లెక్కపెట్టింది.

“పైకి ఎలా ఎక్కుతారు? మెట్లేవి?”

“గీయలేదు” అంది దేయ్సి. “మెట్లకు చోటు వదిలాడు. ఇదిగో, ఈ ఖాళీ. గీయలేదు.”

“నువ్వు గీయకు.”

“నేను ముట్టుకోలేదు, దోన్యా. మూసేస్తున్నాను. ప్రతిరోజూ మూసేస్తున్నాను.”

“రోజూ తెరుస్తున్నావా?”

“తెరవకపోతే నా పని ఎలా అవుతుంది?”

“రోజూ పొద్దున లేచి వాడిని పేరు పెట్టి పిలుస్తున్నావు. రెండో తారీకు మధ్యాహ్నం వాడు వెళ్లాలి. నువ్విట్లా పిలుస్తుంటే ఎలా వెళ్తాడు?”

“నేను పిలవడం లేదు. అదే పిలుస్తోంది.”

“ఎవరు పిలిస్తే ఏంటి? వినేది వాడే కదా.”

దేయ్సి లాప్‌టాప్ మీద చెయ్యి ఉంచింది. సోమవారం ఎనిమిదింటికి ప్లాను ఇవ్వకపోతే ఆ సబ్జెక్టు పోతుందని, అది పోతే మొదటి సెమిస్టరు మళ్లీ చదవాలని, మళ్లీ చదివించే శక్తి తన తల్లికి లేదని చెప్పింది. కూడలిలో తల్లి ఆపి కాచే పొయ్యి పక్కన రెండో పొయ్యి పెట్టుకోవడమే తర్వాతి పని. ఇదంతా ఆమె గొంతు పెంచకుండా చెప్పింది.

“నా ప్లాను సగం పైన అయింది” అంది. “ఇలాంటిది ఈ రోజు సంతలో ఇంకోటి లేదు, వేరే మెషిన్ కొనడానికి మళ్లీ ఆదివారం సంత దాకా ఆగాలి. ఆదివారం కొని సోమవారానికి గీయలేను. కొన్నా అందులో సాఫ్ట్‌వేర్ ఉండదు. ఇది ఇస్తే నాకు చదువు లేదు, దోన్యా. కాల్చడానికి ఇవ్వలేను.”

“నా కొడుకు పేరుతో ఇస్తావా నీ ప్లాను?”

దేయ్సి తెర వైపు చూసింది.

“సోమవారం మీ అయ్యవారి ముందు పెడతావు. ఎవరు గీశారంటే కింద వాడి పేరుంటుంది. ఆయన చదువుతాడు. ఇంకొకరు పిలిచినట్టే కదా.”

“అందుకే వచ్చాను. పేరు మార్పిద్దామనే వచ్చాను.”

“లైసెన్సులో పేరు మారదమ్మాయ్” అన్నాడు సెవెరో. “చొక్కా మీద బొత్తాం కాదు. ఎవరికిచ్చారో వాళ్ల పేరే. ఉంచితే మొత్తం ఉంచాలి, తీస్తే మొత్తం తీయాలి.”

అతను కాసేపు దుకాణం పైకప్పుకు వేలాడుతున్న కేబుళ్ల వైపు చూశాడు. తర్వాత, ఇది ఆదివారమే చెప్పాల్సింది, కానీ అప్పుడు ఎవరూ అడగలేదు అంటూ మొదలుపెట్టాడు. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఉచితమైనది ఒకటుంది. దొంగ కాపీ కాదు. తయారుచేసినవాళ్లే ఊరికే ఇస్తారు. లైసెన్సు లేదు, కార్డు అడగదు, ఎవరి పేరూ పలకదు.

“తెలుసు” అంది దేయ్సి. “ఆర్కిటెక్ట్ దాన్ని ఒప్పుకుంటాడు. బోర్డు మీద రాశాడు కూడా. కానీ అందులో కమాండ్లు వేరు. నేర్చుకోవడానికి నెల పడుతుందని పై తరగతి వాళ్లన్నారు.”

“వాళ్లకి నెల. నీకు నాలుగు రోజులు. కట్టుకున్నదాన్ని వదిలి రావడానికి నాకు అంతకన్నా తక్కువ పట్టింది.”

“ఇతను పరాచికాలు ఆపడు” అంది ప్రిమితీవా.

“ఆపితే ఇద్దరూ ఏడుస్తారు. వినండి, దోన్యా. దీంట్లో మీ అబ్బాయి ఉన్నదెక్కడ? కీబోర్డు నేను వేసింది. బ్యాటరీ నేను వేసింది. ఉంటే గింటే డిస్కులో ఉన్నాడు.” జేబులోంచి ఒక డిస్కు తీసి చూపించాడు. అరచేతిలో సగం ఉంది. “ఇంతే ఉంటుంది. పేలదు. మీకది విప్పి ఇస్తాను, మీరు కాల్చుకోండి. అమ్మాయికి ఇది వేసి ఉచితం సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాను. పైసా అడగను.”

ప్రిమితీవా ఆ డిస్కును చూసింది. “అందులో వంటగది ఉంటుందా?”

“ఉంటుంది.”

“అమ్మాయి గీసింది కూడా అందులోనే ఉంది కదా. అదీ కాలుద్దా?”

సెవెరో దేయ్సిని చూశాడు. ఆమె గీసిన ఫైలును పెన్‌డ్రైవులోకి తీసుకోవచ్చు. కానీ ఆ ఫైలు లోపల గ్రోవర్ పేరు ఉంటుంది. ఆ పేరు లేకుండా ఉండాలంటే ఖాళీ తెర మీద మొదటి గీత నుంచి గీయాలి.

దేయ్సి గ్రోవర్ ప్లానును మూసి తన ప్లానును తెరిచింది. చిన్న బడి. ఆరు గదులు, ఒక వరండా. నాలుగు గదులు పూర్తయ్యాయి. నాలుగో గది కొలతలు ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. తర్వాత మూడో గదివి, రెండోవి, మొదటివి. పది నిమిషాలు పట్టింది. మిగతా ఇద్దరూ ఆగారు.

“తీసేయండి” అంది.

ప్రిమితీవా శాలువా కిందనుంచి చెయ్యి బయటికి తీసి ఆమె మోచెయ్యి పట్టుకుంది. “నీ చేత్తో నువ్వు తియ్యమ్మా. ఇతను కాదు. నువ్వే పిలిచావు, నువ్వే పంపించు.”

డిస్కు విప్పేముందు ఖాతా మూయాలన్నాడు సెవెరో. డిస్కు కాలినా పేరు కంపెనీ దగ్గర ఉంటుంది. ఖాతా మూస్తే అక్కడా పోతుంది. అతను తన ఫోనులోంచి ఇంటర్నెట్ ఇచ్చాడు. దేయ్సి గ్రోవర్ ఖాతా పేజీ తెరిచింది. అప్పటికి సమయం నాలుగు గంటల రెండు నిమిషాలు.

పేజీలో పైన పేరు, కింద లైసెన్సు వివరాలు ఉన్నాయి. విద్యార్థి లైసెన్సు. ఏడాదికోసారి పొడిగించుకోవాలి. పొడిగించిన తేదీలు వరసగా ఇచ్చారు. సెవెరో చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపాడు.

“ఏంటి?” అంది ప్రిమితీవా.

“మీవాడు పోయింది మే పదకొండు అన్నారు కదా.”

“అవును. వచ్చే మేకి మూడేళ్లు.”

“ఆ ఏడాది జూలై తొమ్మిదిన పొడిగించారు. నిరుడు జూలై తొమ్మిదిన. ఈ ఏడాది జూలై తొమ్మిదిన. ఉదయం ఆరు గంటల నలభై రెండు నిమిషాలకు.”

ఈ ఏడాది జూలైలో లాప్‌టాప్ ప్రిమితీవా ఇంటి అటక మీద ఉంది. వెలగడం లేదు.

“దానంతట అది అయిపోతుందేమో” అంది దేయ్సి.

“కాదు. ప్రతిసారీ ఫోనులో అనుమతి అడుగుతుంది. ఫోనులో ఎవరో అవునని నొక్కాలి. నొక్కకపోతే ఆగిపోద్ది. రోజుకి ఇలాంటివి నాలుగు చూస్తాను నేను.”

“ఏ ఫోను?”

పేజీలో నంబరు మొత్తం లేదు. చివరి రెండు అంకెలు మాత్రమే ఉన్నాయి. 47.

ప్రిమితీవా ఆ అంకెలు చూసి నంబరు మొత్తం చెప్పింది. ఎక్కడా చూసి కాదు, గుర్తుండి చెప్పింది. అది గ్రోవర్ నంబరు. ఆ ఫోనును పోలీసులు ప్లాస్టిక్ సంచిలో తెచ్చి ఇచ్చారు. అద్దం పగిలి ఉంది. ఎనిమిదో రోజు బూట్లతో పాటు దాన్నీ మంటలో వేశారు.

“బ్యాటరీ ఊడదీసి వేశాం” అంది. “నా చేత్తోనే వేశాను. కరగడం చూశాను. అంతా అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.”

“ఎవరో ఆ నంబరు తీసుకుని ఉంటారు” అన్నాడు సెవెరో. “కంపెనీవాళ్లు పాత నంబర్లు మళ్లీ అమ్ముతారు.”

“తీసుకుంటే ఫోను ఎత్తుతారు కదా. మొదటి ఏడాదంతా చేశాను. నంబరు పనిచేయడం లేదని ఒకావిడ చెప్పేది. ఆవిడ గొంతు కూడా నాకు గుర్తే.”

ఆమె తన ఫోను తీసి ఆ నంబరు నొక్కింది. సెవెరో స్పీకరు పెట్టాడు. మీరు పిలుస్తున్న నంబరు సేవలో లేదని రికార్డు చేసిన ఆడ గొంతు చెప్పింది. ప్రిమితీవా తల ఊపి ఫోను ఒళ్లో పెట్టుకుంది.

దేయ్సి పేజీ కిందికి వెళ్లింది. ఖాతా శాశ్వతంగా మూసివేయి అని ఉంది. ఆమె ప్రిమితీవా వైపు చూసింది.

“నొక్కు” అంది ప్రిమితీవా.

నాలుగు గంటల తొమ్మిది నిమిషాలకు దేయ్సి నొక్కింది. చివర 47 ఉన్న ఫోనుకు అభ్యర్థన పంపామని, అనుమతి కోసం ఎదురుచూస్తున్నామని పేజీలో వచ్చింది. అనుమతికి గడువు పది నిమిషాలు. గడువు దాటితే అభ్యర్థన దానంతట అదే రద్దవుతుందని, అప్పుడు ఇంకో దారి వెతుకుదామని సెవెరో అన్నాడు. ముగ్గురూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు.

నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు పేజీ మారింది. చివర 47 ఉన్న ఫోనులో అభ్యర్థనను తెరిచి చూశారని, వద్దని నొక్కారని అందులో ఉంది.